బోర్డుకే పరిమితమైన ఫిర్యాదుల కమిటీలు

సంపాదకులకు,

2017 సెప్టెంబరులో బనారస్ హిందూ విశ్వవిద్యాలయం ప్రాంగణంలోనే వేధింపునకు గురైన విద్యార్థిని ఫిర్యాదు చేయబోతే, అంత పొద్దుపోయాక బయట ఎందుకు తిరుగుతున్నావన్న ప్రశ్నే ఎదురైందని తోటి విద్యార్థినులు వాపోయారు. సింహద్వారం వద్ద ధర్నాకు దిగిన ఆడపిల్లలు లాఠీదెబ్బలు తిన్నాక గానీ ప్రాంగణంలో క్రమశిక్షణ, భద్రత చూసే చీఫ్ ప్రాక్టర్ రాజీనామా, ఆ పదవిలో తొలిసారి ఒక మహిళ నియామకం జరగలేదు. ఆ నియామకం మంచిదే. కానీ ఫిర్యాదు చేసిన పిల్లనే నిలదీసే ధోరణి పదవిలో మనిషి మారినంత మాత్రాన పోదు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2015 నిబంధనల ప్రకారం, లైంగిక వేధింపుల ఫిర్యాదులను విచారించే అంతర్గత కమిటీ 90 రోజుల్లో విచారణ ముగించాలి. విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదైతే, ఎన్నికైన ముగ్గురు విద్యార్థులూ అందులో కూర్చోవాలి. మా అమ్మాయి చదివే కళాశాలలో ఆ కమిటీ జాబితాను నోటీసు బోర్డుపై నేను స్వయంగా చూశాను. మొదటి పేరు రెండేళ్ల క్రితమే పదవీ విరమణ చేసిన మేడమ్‌ది. కింద రాసిన ఫోన్ నంబరులో చివరి రెండు అంకెలు చెమ్మకు చెరిగిపోయాయి. విద్యార్థుల పేర్లు ఒక్కటీ లేవు. భయంతో వణుకుతూ వచ్చిన పిల్ల ఆ కాగితం ముందు నిలబడి ఎవరికి చెప్పుకోవాలి?

ఎన్ని ఫిర్యాదులు అందాయో, వాటిలో ఎన్ని గడువులోగా తేలాయో ప్రతి విశ్వవిద్యాలయం ఏటా తెలుగులో బహిరంగంగా ప్రకటించేలా రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు వెంటనే ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

– ఒక విద్యార్థిని తండ్రి, గుంటూరు