కార్ట్రిడ్జ్ మార్చిన తేదీ కూడా తనిఖీ చేయించండి: కార్మిక, ఫ్యాక్టరీల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ కార్మిక, ఫ్యాక్టరీల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విశాఖ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు తయారుచేసే) యూనిట్లలో మొదట ప్రొడక్షన్‌లో, తర్వాత సేఫ్టీ విభాగంలో పనిచేసిన అనుభవంతో ఈ లేఖ రాస్తున్నాను. తనిఖీకి వచ్చే అధికారులు కార్మికులకు మాస్కులు ఇచ్చారో లేదో చూస్తారు. ఆ మాస్కుకు బిగించిన కార్ట్రిడ్జ్ (విష ఆవిరిని పట్టి ఆపే డబ్బీ) ఏ రకానిదో, చివరిసారి ఎప్పుడు మార్చారో కూడా చూసి తీరాలని ఒక నియమం తీసుకురండి. నేను ముఖ్యంగా అడిగేది ఇదే.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఫార్మా యూనిట్‌లో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. అలాంటి ఘోరం జరిగినప్పుడు ప్రభుత్వం కదులుతుంది, విచారణలు, ఆడిట్లు జరుగుతాయి. జరగాల్సిందే. కానీ ఈ పరిశ్రమలో షిఫ్టు దిగేసరికి తల దిమ్మెక్కి, కడుపులో తిప్పి, ఇంటికెళ్లి అన్నం తినలేక పడుకునే హెల్పర్ల సంగతి ఏ రికార్డుకూ ఎక్కదు. వాళ్ల మెడలో మాస్కు ఉంటుంది. అందులో కార్ట్రిడ్జ్ ఎప్పుడో నిండిపోయి ఉంటుంది.

హాఫ్ మాస్క్ అంటే రబ్బరుతోనో సిలికాన్‌తోనో చేసిన తొడుగు. కడుక్కుంటూ ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. కాపాడేది మాత్రం దానికి రెండు వైపులా బిగించే కార్ట్రిడ్జ్‌లు. వాటిలో యాక్టివేటెడ్ కార్బన్ గింజలుంటాయి. సాల్వెంట్ (మందుల తయారీలో వాడే ద్రావకం) ఆవిరి ఆ గింజల సన్నని రంధ్రాల్లో చిక్కుకుంటుంది. రంధ్రాలు నిండాక ఆవిరి నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. అలా నిండిన కార్ట్రిడ్జ్ రంగు మారదు, బరువు తెలియదు, గాలి పీల్చడం కష్టం కాదు. దుమ్ము ఫిల్టర్ అలా కాదు. దుమ్ము పట్టేకొద్దీ ఊపిరి బరువవుతుంది, మార్చాలని దానంతట అదే తెలుస్తుంది. ఈ తేడా తెలియక చాలా యూనిట్లలో రెండింటికీ ఒకటే లెక్క పాటిస్తున్నారు: ఊపిరాడుతోందంటే బాగానే ఉన్నట్టు.

"వాసన వస్తే మార్చుకో" అనేది హెల్పర్‌కు ఇచ్చే శిక్షణలో మొదటి మాట, చాలాచోట్ల చివరి మాట కూడా. మా దగ్గర అందరూ ఎండీసీ అని పిలిచే సాల్వెంట్, మిథిలిన్ డైక్లోరైడ్‌నే తీసుకోండి. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా దీనికి పెట్టిన 8 గంటల సగటు పరిమితి 25 పీపీఎం, అంటే పది లక్షల భాగాల గాలిలో 25 భాగాలు. ముక్కుకు వాసన తెలిసేది దానికి ఎన్నో రెట్లు ఎక్కువైనప్పుడే. ఒంట్లోకి వెళ్లాక ఇందులో కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారి, రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గిస్తుంది. పైగా ఎండీసీ 40 డిగ్రీలకే మరుగుతుంది. అంత తేలిగ్గా ఆవిరయ్యేదాన్ని కార్బన్ గట్టిగా పట్టి ఉంచలేదు. ఇవాళ కాసేపు వాడి లాకర్లో పెట్టిన కార్ట్రిడ్జ్‌లో, పట్టుకున్న ఆవిరి రాత్రంతా లోపలికి జరుగుతూ ఉంటుంది. మర్నాడు షిఫ్టులో మొదటి ఊపిరితోనే అది బయటికి వస్తుంది. అందుకే అమెరికా నిబంధనలు ఎండీసీ దగ్గర కార్ట్రిడ్జ్ హాఫ్ మాస్కును ఒప్పుకోవు, పైపు ద్వారా మంచి గాలి అందించే ఎయిర్‌లైన్ మాస్కు కావాలంటాయి. మన దగ్గర సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి సాల్వెంట్‌ను వేరుచేసే యంత్రం) అన్‌లోడింగ్‌లో, అందులో మిగిలిన తడి ముద్దను చేత్తో తోడి డ్రమ్ముల్లో నింపే మనిషికి ఎయిర్‌లైన్ పెట్టిన యూనిట్లు ఎన్ని ఉన్నాయో మీ శాఖ లెక్క తీయాలి.

టోలుయీన్ లాంటి సాల్వెంట్లు కాస్త నయం, టోలుయీన్ 110 డిగ్రీల దాకా మరగదు. మరిగే ఉష్ణోగ్రత 70 డిగ్రీలు దాటిన ఆవిరి 200 పీపీఎం లోపు ఉంటే, మామూలు పనిలో ఆర్గానిక్ వేపర్ (సాల్వెంట్ ఆవిరి పట్టే) కార్ట్రిడ్జ్ సుమారు 8 గంటలు పనిచేస్తుందని ఒక మోటు లెక్క ఉంది. ఆ లెక్క మన తీరానికి సరిపోదు. గాలిలో తేమ 85 శాతం దాటితే ఆ ఆయువు సగమో, అంతకన్నా తక్కువో అవుతుంది. విశాఖలో వానాకాలం అంతా తేమ ఎక్కువే. బరువు పనిచేస్తూ గట్టిగా ఊపిరి తీసేవాడికి ఇంకా త్వరగా అయిపోతుంది. ప్యాకెట్ విప్పి వదిలేసిన కార్ట్రిడ్జ్, మూత పెట్టని ఉప్పు డబ్బాలా వాడకపోయినా చెమ్మ లాగేస్తుంది. విప్పిన తేదీ మార్కర్‌తో కార్ట్రిడ్జ్ మీదే రాయాలి, పని అయ్యాక జిప్ కవర్లో మూసి పెట్టాలి. ఇందుకు ఖర్చేమీ లేదు, అయినా చేసేచోట్లు తక్కువ.

ఇక ఏ కార్ట్రిడ్జ్ ఎంచుకోవాలనేది. మన మార్కెట్లో అమెరికా పద్ధతివీ యూరప్ పద్ధతివీ పక్కపక్కనే అమ్ముతారు, రంగులు మాత్రం కలవవు. అమెరికా పద్ధతిలో తెలుపు యాసిడ్ గ్యాసుకు. యూరప్ పద్ధతిలో అదే తెలుపు దుమ్ముకు. ఆర్గానిక్ ఆవిరికి అమెరికా పద్ధతిలో నలుపు, యూరప్ పద్ధతిలో గోధుమ రంగు. అమ్మోనియాకు మాత్రం రెండింట్లోనూ ఆకుపచ్చే. హెచ్‌సీఎల్ (హైడ్రోజన్ క్లోరైడ్) అనే యాసిడ్ గ్యాస్ వచ్చే చోట తెల్ల పట్టీ చూసి దుమ్ము ఫిల్టర్ బిగించుకున్న మనిషికి రక్షణ సున్నా. రంగుల చార్టు తెలుగులో ఉంటే చాలదు. ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చి పనిచేస్తున్న వాళ్లు వేలల్లో ఉన్నారు. ఒడియాలో, హిందీలో కూడా అది ప్రతి బ్లాకులో గోడమీద ఉండాలి. దానికంటే మేలు, ఒక యూనిట్ ఒకే పద్ధతి కార్ట్రిడ్జ్‌లు కొనాలని నియమం పెట్టడం.

రియాక్టర్ లోపలికో, ఈటీపీ (వ్యర్థ జలాలు శుద్ధిచేసే) ట్యాంకులోకో దిగేటప్పుడు ఏ కార్ట్రిడ్జ్ కూడా ప్రాణం కాపాడదు. నైట్రోజన్ నిండిన చోట ఆక్సిజనే ఉండదు, లేని ఆక్సిజన్‌ను కార్ట్రిడ్జ్ తయారుచేయలేదు. ఈ మాట ప్రతి మ్యాన్‌హోల్ దగ్గర పెద్ద అక్షరాల్లో రాయించండి.

చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్ షెడ్లలో, క్రషర్ల దగ్గర సమస్య మరో రకం. అక్కడ కావాల్సింది దుమ్ము ఫిల్టరే, అందులోనూ 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతం ఆపే పీ100 లాంటిదైతే మంచిది. కానీ నిండిన ఫిల్టర్‌ను కంప్రెసర్ గాలితో ఊది మళ్లీ తగిలించుకుంటారు. ఆ గాలి దెబ్బకు ఫిల్టర్ పొర చిరుగుతుంది, సిలికా దుమ్ము నేరుగా లోపలికి పోతుంది. ఆ దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్, అది వచ్చాక మందు లేదు. కొత్త ఫిల్టర్ అడిగితే ఇస్తారన్న నమ్మకం ఉంటే ఎవరూ పాతదాన్ని ఊదుకోరు.

అసలు అడ్డంకి స్టోర్స్ దగ్గరే ఉంది. ఒక జత కార్ట్రిడ్జ్‌లు కావాలంటే సూపర్‌వైజర్ ఇండెంట్ (సరుకు కావాలని కోరే చీటీ) రాయాలి, ఇన్‌చార్జి సంతకం పెట్టాలి. పాతది తెచ్చిస్తేనే కొత్తది అంటారు. కాంట్రాక్టు హెల్పర్ అయితే "మీ కాంట్రాక్టర్‌ను అడుగు" అంటారు. "మొన్ననే ఇచ్చాం కదా" అనే మాట నేను అన్ని చోట్లా విన్నాను. రోజు కూలీ పోతుందేమో అని భయపడే మనిషి రెండోసారి అడగడు.

భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, తాము పనిచేసే చోట ఏ ప్రమాదకర పదార్థం ఉందో తెలుసుకునే హక్కు కార్మికులకు ఇచ్చారు. 2025 నవంబర్ 21 నుంచి కొత్త వృత్తి భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. దాని కింద రాష్ట్రం చేసే నియమాల్లో, లేదా వాటికి సవరణగా, ఈ నాలుగు మాటలు చేర్చండి. ప్రతి సాల్వెంటుకూ ప్రతి పనికీ కార్ట్రిడ్జ్ ఎన్ని గంటలకు మార్చాలో యాజమాన్యం రాతపూర్వకంగా నిర్ణయించాలి. అమెరికాలో 1998 నుంచి ఇది తప్పనిసరి, అక్కడ వాసన మీద ఆధారపడటం చెల్లదు. కార్ట్రిడ్జ్‌లు ప్రతి బ్లాకులో ఇండెంట్ లేకుండా చేతికి అందేలా ఉండాలి. కాంట్రాక్టు కార్మికుడిదైనా ఖర్చు ప్రధాన యాజమాన్యమే భరించాలి. ఎండీసీ లాంటి వాటికి కార్ట్రిడ్జ్ మాస్కును అనుమతించకూడదు.

తనిఖీకి పరికరాలు కూడా అక్కర్లేదు. టోలుయీన్ సెంట్రిఫ్యూజ్ దగ్గర షిఫ్టుకు ఇద్దరు, రోజుకు మూడు షిఫ్టులు, మనిషికి షిఫ్టుకో జత అనుకుంటే రోజుకు 6 జతలు, నెలకు 180 జతలు ఖర్చు కావాలి. స్టోర్స్ రిజిస్టర్‌లో ఆ నెల 10 జతలే ఇచ్చినట్టుంటే, మిగతా షిఫ్టులన్నీ ఆ మనుషులు ఏం పీల్చారో ఇన్‌స్పెక్టర్‌కు అక్కడే తెలిసిపోతుంది. మాస్కుల బిల్లుతో పాటు ఈ రిజిస్టర్‌ను కూడా తెప్పించుకుని చూడమని మీ శాఖకు ఒక సర్క్యులర్ ఇవ్వడానికి చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. ఈ నెలలోనే ఇవ్వండి.

ఇట్లు,
విశాఖ ప్రాంత ఫార్మా యూనిట్లలో పనిచేసిన ఒక సేఫ్టీ ఉద్యోగి