ప్రకాశం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, పాలిషింగ్ ఫ్యాక్టరీల్లో ఒడిశా, బీహార్ కుర్రాళ్లు పనిచేస్తున్నారు. మన పిల్లలేమో హైదరాబాద్, బెంగళూరు బస్సులెక్కుతున్నారు. ఎవరెందరో లెక్కేదీ? వ్యాపార సంస్థల్నీ వాటిలో పనిచేసేవాళ్లనీ లెక్కించే ఆర్థిక గణన ఉంది కదా, ఆరోది 2013లో మొదలైంది. 2019లో మొదలైన ఏడోదాని ఫలితాలు బయటికే రాలేదు. చిన్న పరిశ్రమలు నమోదయ్యే ఉద్యమ్ పోర్టల్లో ఉన్నది యజమానులు సొంతంగా రాసుకున్నదే.

ఇక పొగాకు. వేలానికొచ్చే ప్రతి బేలుకూ తూకం, గ్రేడు, ధర రాస్తారు. ఆ ఆకు ఏరి గ్రేడు చేసిన ఆడకూలీల ఊసే ఉండదు. సీజనయ్యాక సర్వేకొస్తే వాళ్లంతా ‘గృహిణులు’, అదీ మన లెక్క!

గ్రామ సచివాలయ సిబ్బందితో సీజన్లోనే ఫ్యాక్టరీల గేటు గేటుకూ, పొగాకు కాల్చే బేరన్ బేరన్‌కూ లెక్క తీయించండి: ఊరు, వయసు, కూలి, పీఎఫ్. మన పిల్లలకు పని నేర్పే స్కిల్ సెంటర్లో ఏ కోర్సు పెట్టాలో ఆ తర్వాత తేల్చండి.

ఇట్లు,
ఒంగోలు వాసి