కీచురాళ్ల మీద మందు కాదు, దీపాల మీద అదుపు కావాలి

సంపాదకులకు,

ఆర్యా,

తొలకరి పడినప్పటి నుంచి మా పట్టణంలోని పార్కులో దీపస్తంభాల కింద కీచురాళ్లు కుప్పలుగా చేరుతున్నాయని, వాటి రొదతో నిద్ర పట్టడం లేదని కొందరు ఫిర్యాదు చేయడంతో, పోయిన వారం గడ్డి మీదా పొదల మీదా పురుగుమందు కొట్టించారు. 30 ఏళ్లు జీవశాస్త్రం బోధించినవాడిగా దీనిపై నా అభ్యంతరాన్ని తెలియజేస్తున్నాను.

పల్లెల్లో ఇలకోడి అని కూడా పిలిచే ఈ నల్లని పురుగు శాస్త్రీయ నామం గ్రిల్లస్ బైమాక్యులేటస్; రెక్కల మొదట్లో ఉండే రెండు పసుపు మచ్చలే దాని గుర్తు. పగలంతా రాళ్ల కింద, నేల నెర్రెల్లో దాగి, చీకటి పడ్డాకే బయటికి వస్తుంది. కూసేది మగది మాత్రమే. అదీ నోటితో కాదు: ముందు రెక్కలను కాస్త పైకెత్తి, ఒక రెక్క అడుగున రంపపు పళ్లలా ఉన్న వరుసను రెండో రెక్క అంచుతో రాపాడిస్తుంది. ఆ పిలుపును ఆడది ముందుకాళ్ల మోకాలి కింద ఉన్న చెవులతో వింటుంది. భూతద్దంలో ఆ చిన్న తెల్లని పొరను చూపించినప్పుడు, కాలికి చెవి ఏమిటని నా విద్యార్థులు నమ్మలేక మళ్లీ మళ్లీ చూసేవారు. జత కట్టిన ఆడది సూదిలాంటి అవయవాన్ని తడి మట్టిలోకి దించి గుడ్లు పెడుతుంది. ఈ వేడికి సుమారు రెండు వారాల్లో అవి పొదుగుతాయి.

ఇవి లేత మొలకలను కొరికే మాట నిజమే. అయితే చచ్చిన పురుగులను, రాలిన ఆకులను తినేదీ ఇవే. కప్పలకు, తొండలకు, గోరింకలకు ఆహారమయ్యేదీ ఇవే. మందు కొట్టిన మర్నాటి ఉదయం, పిల్లలు నీళ్లు తాగే కుళాయి పక్కనే, ఇంకా కాళ్లు కొట్టుకుంటున్న కీచురాయిని ఒక గోరింక ముక్కున కరచుకుపోవడం నేను కళ్లారా చూశాను. ఆ మందు ఎవరి కడుపులోకి చేరిందో వేరే చెప్పాలా?

అసలు అవి అక్కడ గుమిగూడడానికి కారణం తెల్లవార్లూ వెలిగే తెల్లని ఎల్‌ఈడీ దీపాలు. ఎగరగల ఈ పురుగును వెలుగు దూరం నుంచే లాగుతుంది. పైగా, జీవితమంతా రాత్రి వెలుగులో పెరిగిన ఇదే జాతి కీచురాళ్లలో కూత వేళలు గతి తప్పుతాయని టెల్ అవీవ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో వెల్లడించారు.

కాబట్టి నడకదారిలో, గేటు వద్ద భద్రతకు అవసరమైనవి తప్ప మిగతా దీపాలను రాత్రి 10 గంటల తర్వాత ఆర్పాలని, ఉంచేవాటికి కాంతి నేల మీదికే పడేలా మూతలు బిగించి పసుపు బల్బులు వాడాలని, రెండో విడత మందు కొట్టే ఆలోచనను వెంటనే విరమించాలని పురపాలక అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు