స్టెప్ 1 తేలికైందన్నది భ్రమే

సంపాదకునికి,

అమెరికా వైద్య లైసెన్స్ పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈలో మొదటి అంచె స్టెప్ 1. అందులో ఇప్పుడు పాసైతే చాలు, మూడు నెలల్లో అయిపోతుందని కోచింగ్ ప్రకటనల్లో కనిపిస్తోంది. అది నమ్మి హైదరాబాద్‌లో స్లాట్ బుక్ చేసుకునే ఎంబీబీఎస్ విద్యార్థులు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

మూడంకెల స్కోరు చెప్పడం మానేసి పాస్, ఫెయిల్ మాత్రమే ఇస్తున్నది 2022 జనవరి 26 నుంచి. లోపల లెక్కించే పాస్ మార్కు 194 నుంచి 196కు పెరిగిందీ అప్పుడే. అమెరికా, కెనడా బయటి కాలేజీల నుంచి మొదటిసారి రాసినవారిలో 2021లో 82 శాతం పాసైతే, 2022లో 74 శాతమే గట్టెక్కారు. అమెరికాలో ఎండీ (అక్కడి తొలి వైద్య డిగ్రీ) విద్యార్థులు సైతం 96 నుంచి 93కు దిగారు. ఆ రెండు మార్కులకే ఇంత తేడా రాదు. చదువు పలచబడిందనే మా అభిప్రాయం.

ముందు దెబ్బతినేది ఫస్టియర్‌తోనే మూలన పడేసిన సబ్జెక్టులు: బయోకెమిస్ట్రీ, ఎంబ్రియాలజీ. ప్రశ్న తీరు చూడండి. సాయంత్రమయ్యేసరికి రెప్పలు వాలిపోయి, ఒకటి రెండుగా కనిపించే మహిళ. స్కాన్‌లో ఛాతీ ముందుభాగాన గడ్డ. అడిగేది జబ్బు పేరు కాదు, ఆ గడ్డ ఉన్న అవయవం పిండంలో ఏ ఫారింజియల్ పౌచ్ (గొంతు భాగంలోని సంచిలాంటి మడత) నుంచి వచ్చిందని. జబ్బు మయస్థీనియా, అవయవం థైమస్ గ్రంథి, వచ్చింది మూడో పౌచ్ నుంచి: ఇదంతా 90 సెకన్లలో తట్టాలి. ఇలాంటివి బ్లాకుల (భాగాల) వారీగా మొత్తం 280 దాకా.

క్వశ్చన్ బ్యాంకును సబ్జెక్టులవారీగా చేస్తే ఉపయోగం తక్కువ. కార్డియాలజీ బ్లాకులో జవాబు గుండె చుట్టూనే ఉంటుందని ముందే తెలిసిపోతుంది కదా! అన్నీ కలిపి, టైమ్ పెట్టుకుని చేయాలి. పరీక్ష తయారుచేసే సంస్థల్లో ఒకటైన ఎన్‌బీఎంఈ ఇచ్చే నమూనా పరీక్ష (సెల్ఫ్ అసెస్‌మెంట్)లో 62 శాతం వస్తే అంచు మీద ఉన్నట్టే. 62 నుంచి 68 దాకా వాళ్లే ‘లో పాస్’ అంటారు. ఇంతకుముందు చూడని రెండు ఫారాల్లో (నమూనా ప్రశ్నపత్రాల్లో) 70 దాటాకే పరీక్షకు వెళ్లడం మేలు. పాత ఫారమే మళ్లీ రాస్తే గుర్తున్న ప్రశ్నలు శాతాన్ని ఉబ్బిస్తాయి.

తయారు కాకపోతే తేదీ జరుపుకోవచ్చు. ఫెయిల్ మాత్రం ట్రాన్స్‌క్రిప్ట్‌లో (ఫలితాల రికార్డులో) ఉండిపోతుంది, రెసిడెన్సీ (అమెరికాలో పీజీ శిక్షణ) దరఖాస్తు చూసేవారికి కనబడుతుంది. ఒక్కో స్టెప్‌కు నాలుగే ప్రయత్నాలు. స్కోరు అంకెల పోటీ ఇప్పుడు తర్వాతి అంచె పరీక్ష స్టెప్ 2 సీకే (క్లినికల్ నాలెడ్జ్)కు మారింది. దాని పాస్ మార్కు కూడా 2025 జూలై నుంచి 218కి పెరిగింది. స్టెప్ 1 పాథాలజీ సగం సగం చదివినవారికి అక్కడ మళ్లీ అదే చదువు తప్పదు.

మీ విద్యా పేజీలో ఈ పరీక్ష గురించి వేసేటప్పుడు 196 మార్కు, నాలుగు ప్రయత్నాల నిబంధన కూడా ప్రచురించగలరు.

- వైద్యవిద్య అధ్యాపకులు, గుంటూరు