రవాణా చార్జీకి ఒక్క అంకె చాలదు

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్ అమ్మకాల సాఫ్ట్‌వేర్‌లో పార్శిల్ చార్జీని లెక్కగట్టే లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే సిద్ధ కోడ్) ఒకదానిపై నేను కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. బరువు, కొలతలు, పంపే చోటు, చేరే చోటు ఇస్తే అది కొరియర్ సంస్థలన్నిటినీ అడిగి, అన్నిటికన్నా తక్కువ మొత్తాన్ని మాత్రమే తిరిగి ఇచ్చి, మిగిలిన జవాబులను వదిలేసేది. మరుసటి రోజే అందవలసిన ఒక పార్శిల్ ఐదు రోజుల సేవలో వెళ్లిపోయిందని, ఎక్కువ చెల్లించడానికి సిద్ధంగా ఉన్న కొనుగోలుదారుకు వేరే మార్గం ఉందన్న సంగతే కనిపించలేదని ఒకరు రాసినప్పుడు, తప్పు మా లైబ్రరీ రూపకల్పనలోనే ఉందని ఒప్పుకోక తప్పలేదు. చవక కావాలా, వేగం కావాలా అన్నది డబ్బు కట్టేవారు తేల్చుకోవలసిన విషయం. లైబ్రరీ పని వారి ముందు మార్గాలన్నీ ఉంచడం వరకే.

అయితే అంకెలను వరుసగా పేర్చినంత మాత్రాన అది పోలిక కాదు. కొరియర్ సంస్థలు అసలు బరువునూ, పెట్టె ఆక్రమించే చోటును బట్టి కట్టే బరువునూ చూసి, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి చార్జీ వేస్తాయి. 40, 30, 30 సెంటీమీటర్ల పెట్టె ఘనపరిమాణం 36,000 ఘన సెంటీమీటర్లు. దాన్ని 5,000తో భాగించే సంస్థకు అది 7.2 కిలోలు, 6,000తో భాగించే సంస్థకు 6 కిలోలు, లోపల ఉన్న సరుకు 2 కిలోలే అయినా సరే. ఈ భాజకం సంస్థను బట్టీ సేవను బట్టీ మారుతుంది కనుక, ఏ బరువుకు చార్జీ పడిందో ప్రతి జవాబుతోపాటు చెప్పాలి. ఇంధన సర్‌చార్జీ, ఇంటికి చేర్చినందుకు వేసే అదనపు రుసుము, పన్ను ఒకరి మొత్తంలో కలిసి, మరొకరి మొత్తంలో కలవకుండా ఉంటే, తక్కువగా కనబడేది నిజంగా తక్కువ కాకపోవచ్చు. అందుకే మొత్తాన్ని దాని భాగాలతో సహా చూపాలని నేను పట్టుబడుతున్నాను.

డబ్బును దశాంశ బిందువున్న ఫ్లోట్ సంఖ్యలుగా (కంప్యూటర్ ఉజ్జాయింపుగా దాచేవి) దాచకూడదన్నది అందరికీ తెలిసినా ఇప్పటికీ జరుగుతున్న పొరపాటు; 0.1కి 0.2 కలిపితే కంప్యూటర్ సరిగ్గా 0.3 ఇవ్వదు. అతి చిన్న నాణెం (రూపాయికైతే పైసా) లెక్కన పూర్ణాంకంగా దాచి, పక్కన కరెన్సీ కోడ్ ఉంచాలి. అక్కడ కూడా అన్నిటినీ వందతో భాగిస్తే కుదరదు, ఎందుకంటే జపాన్ యెన్‌కు దశాంశ స్థానాలే లేవు, కువైట్ దినార్‌కు మూడు ఉన్నాయి.

అడిగిన సంస్థల్లో ఒకటి జవాబివ్వకపోతే మిగిలినవాటిని ఆపి ఉంచకూడదు. అన్నిటినీ ఒకేసారి అడిగి, గడువులోగా వచ్చినవాటిని ఇచ్చి, రానిదాన్ని కారణంతో సహా వేరుగా చూపాలి. జాబితాలోంచి ఆ సంస్థను మౌనంగా తీసేస్తే, అక్కడికి దాని సేవే లేదని వాడుకరి అనుకుంటారు. అది అబద్ధం చెప్పడంతో సమానమని నా అభిప్రాయం.

ఇన్ని మార్పుల కోసం, పిలిస్తే జవాబిచ్చే కోడ్ భాగమైన పాత ఫంక్షన్‌ను మాత్రం కదిలించవద్దని తోటి ప్రోగ్రామర్లను కోరుతున్నాను. ఒక మొత్తాన్ని ఇచ్చే ఫంక్షన్ ఉన్నట్టుండి జాబితాను ఇవ్వడం మొదలుపెడితే, దాన్ని నమ్ముకున్న ప్రోగ్రాములన్నీ ఒక్క అప్‌డేట్‌తో ఆగిపోతాయి. మేము జాబితా కోసం కొత్త ఫంక్షన్ రాసి, పాతదాన్ని దానిమీదే ఆధారపడేలా మార్చాము. పాతదాన్ని పిలిచేవారు తమ ప్రోగ్రాములో ఒక్క వరుస కూడా మార్చుకోవలసిన అవసరం రాలేదు.

ఇట్లు,
ఒక ప్రోగ్రామర్