కణం పాఠం గురించి విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను జీవశాస్త్రం బోధించే ఉపాధ్యాయురాలిని. ‘వృక్షకణానికి, జంతుకణానికి భేదాలు రాయుము’ అనే ప్రశ్న పరీక్షల్లో అడిగే తీరు మార్చమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఆ భేదాల పట్టిక పిల్లలకు కంఠతా వచ్చు. కణకవచం (కణం చుట్టూ ఉండే గట్టి గోడ), హరితరేణువులు (వెలుతురుతో ఆహారం తయారుచేసే ఆకుపచ్చ భాగాలు), పెద్ద రిక్తిక (ద్రవం నిండిన సంచి) వృక్షకణంలో ఉంటాయని గడగడా చెప్పేస్తారు. అదే పిల్లల్ని మొక్క కణంలో మైటోకాండ్రియా ఉంటుందా అని అడిగితే, హరితరేణువు ఉండగా అదెందుకు అంటారు. హరితరేణువు చేసేది చక్కెర. ఆ చక్కెర నుంచి శక్తి తీయాలంటే మొక్కకూ మైటోకాండ్రియా కావాల్సిందే, రాత్రీ పగలూ. పట్టికలో రెండు గడులూ పూర్తిగా నింపిన విద్యార్థికి ఈ సంగతి తెలియకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ఉల్లిపొర మీద అయోడిన్ చుక్క వేసి మైక్రోస్కోప్‌లో చూపిస్తే ఎన్ని ప్రశ్నలు పుడతాయో! ఇటుకల వరుసల్లా కణాలు కనిపిస్తాయి. హరితరేణువు ఒక్కటీ ఉండదు. మరి ఇది వృక్షకణం ఎలా అయింది? నేలలోపల వెలుతురు తగలని భాగానికి వాటితో పనిలేదు, వేరు కణాల్లోనూ ఉండవు. కేంద్రకం అంచుకు ఎందుకు ఒదిగింది? మధ్య చోటంతా రిక్తికదే కాబట్టి. ఎర్ర ఉల్లిపొర మీద ఉప్పునీటి చుక్క వేస్తే రంగున్న లోపలి భాగం ముడుచుకుని గోడను వదిలేస్తుంది, గోడ మాత్రం అలాగే నిలబడుతుంది. మంచి నీటిలో ఎర్ర రక్తకణం ఉబ్బి పగిలిపోతుంది, వృక్షకణం పగలదు. కణకవచం చేసే మేలేమిటో అప్పుడు వేరే చెప్పక్కర్లేదు.

పక్కనే బుగ్గ లోపలి కణాలను మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు వేసి చూపించాలి. గోడ లేదు, ఆకారం ఒక తీరుగా ఉండదు. కేంద్రకం మాత్రం అక్కడా ఉంది. 1838లో ష్లైడెన్ అనే శాస్త్రవేత్త మొక్కల గురించి, 1839లో ష్వాన్ అనే శాస్త్రవేత్త జంతువుల గురించి, శరీరమంతా కణాలతోనే నిర్మితమైందని చెప్పారు. జీవశాస్త్రాన్ని నిలబెట్టింది ఆ పోలికే. దానికి మన ప్రశ్నపత్రంలో అరమార్కు కూడా లేదు.

అందుకే నా విన్నపం: కణం బొమ్మ ఒకటి ఇచ్చి, ఇది ఏ కణం, ఎలా చెప్పగలవు అని అడగండి. భేదాలతో పాటు పోలికలకూ మార్కులు కేటాయించండి. ఈ రెండు స్లైడ్లనూ ప్రతి విద్యార్థీ స్వయంగా తయారుచేసి చూసేలా, ప్రయోగాలకు విడిగా పీరియడ్లు ఇవ్వండి.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు