కుక్కను ఎత్తి దించడానికే అని అమ్మిన హ్యాండిల్ ఊడిపోయింది

కస్టమర్ కేర్ విభాగం వారికి,

నమస్కారం. మీ కుక్కల హార్నెస్, అంటే కుక్క ఛాతీకీ వీపుకీ బిగించే పట్టీల తొడుగు, దాని గురించి నేను రాస్తున్న మూడో లేఖ ఇది. మొదటి రెండింటికీ మీ నుంచి వచ్చింది ఒకటే మాట, "సాధారణ అరుగుదల, వారంటీ వర్తించదు" అని. అందుకే ఈసారి జరిగిందంతా రాస్తున్నాను, దయచేసి చివరిదాకా చదవండి.

ఆ హార్నెస్ నేను కొన్నది వీపు మీద ఉన్న హ్యాండిల్ కోసమే. 40 కిలోల దాకా బరువున్న కుక్కను రాళ్ల దగ్గర ఈ హ్యాండిల్ పట్టుకుని ఎత్తొచ్చు, దించొచ్చు అని పెట్టె మీద మీరే రాశారు, కొండ ఎక్కుతున్న కుక్క ఫొటో కూడా వేశారు. మా రాణి బరువు 24 కిలోలు. కొని నాలుగు నెలలైంది. ఇన్నాళ్లూ ఇంటి చుట్టుపక్కల సాయంత్రం నడకకే వాడాను, కొండకు తీసుకెళ్లడం ఇదే మొదటిసారి. ఉతికింది ఒక్కసారి, అదీ లేబుల్ మీద ఉన్నట్టే చేత్తో ఉతికి నీడలో ఆరేశాను.

"అజాగ్రత్తగా వాడి ఉండవచ్చు" అని కూడా మీ రెండో జవాబులో ఉంది, అది నన్ను బాగా బాధపెట్టింది. ఆ రోజు మేం నలుగురు స్నేహితులం, రాణి, ఇంకో చిన్న కుక్క టైగర్. రానూపోనూ 12 కిలోమీటర్లు, ఎక్కాల్సింది 600 మీటర్లు. గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎత్తుకూ ఇంకో గంట కలుపుకోవాలని 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు నైస్మిత్ చెప్పిన లెక్కను కొండల్లో నడిచేవాళ్లు ఇప్పటికీ వాడతారు, దాని ప్రకారం దాదాపు మూడున్నర గంటలు. కుక్కలున్నాయని మేం దానికి రెట్టింపు పెట్టుకున్నాం. వాటికి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ముఖ్యంగా రొప్పడం వల్లే ఒంట్లో వేడి తగ్గాలి, అందుకని తెల్లవారుతూనే బయలుదేరి అరగంటకోసారి నీళ్లు పట్టాం. ఎక్కేటప్పుడు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. రాణి ముందుకు ఉరికేది, మలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగేది, నలుగురం కనబడేదాకా అక్కడి నుంచి కదిలేది కాదు.

దిగేటప్పుడు ఒకచోట దారి ఆరడుగుల నిటారు బండ మీదుగా పోతుంది. మేం కూర్చుని జారుతూ దిగాం, టైగర్‌ను చంకలో పెట్టుకుని దించేశారు. రాణి కోసం నేను పైన ఉండిపోయాను, ఒక స్నేహితుడు కింద చేతులు చాచి నిలబడ్డాడు. హ్యాండిల్ పట్టుకుని మెల్లగా దించుతున్నాను, కుదుపు లేదు, అది గింజుకోనూ లేదు, నా మొహంలోకే చూస్తోంది. టప్‌మని ఒక దారం తెగింది, వెంటనే వరసగా మిగతావన్నీ. హ్యాండిల్ ఒక కొస ఊడి నా చేతిలోకి వచ్చేసింది, రాణి పక్కకు తిరిగిపోయి బండకు రాసుకుంటూ జారింది. స్నేహితుడు ఛాతీ అడ్డం పెట్టబట్టి ఆగింది, లేకపోతే ఆ కింద ఇరవై అడుగుల రాళ్ల వాలు. వెనక కాలి గోరు ఒకటి మొదలుకంటా విరిగింది, పాదం కింది మెత్త చీరుకుపోయింది. అది అరవలేదు. వణుకుతూ నా చేయి నాకింది.

గుడ్డతో ఒత్తిపట్టి నెత్తురు ఆపాం. మిగిలిన 4 కిలోమీటర్లూ వంతులవారీగా మోశాం, గంటన్నరలో దిగాల్సిన దూరానికి నాలుగు గంటలు పట్టింది. ఎండ ముదిరేసరికి రాణి రొప్పు ఎక్కువైపోయి మాకు టెన్షన్ మొదలైంది, మా తాగే నీళ్లు కూడా దాని పొట్ట మీద, తొడల మీద పోశాం. మిగిలిన గోరు డాక్టర్ తీసేసి కట్టు కట్టారు, మూడు వారాలు నడిపించొద్దన్నారు.

ఇక హార్నెస్ సంగతి. ఫొటోలు దగ్గరగా తీసి జతచేశాను, చూడండి. నైలాన్ పట్టీ ఎక్కడా చిరగలేదు, రంగు కూడా వెలవలేదు. బకిళ్లు బాగున్నాయి. ఊడింది కుట్టు మాత్రమే. తల వైపు కొసలో అటూ ఇటూ ఒత్తుగా వేసిన అడ్డకుట్టు ఉంది, బార్‌టాక్ అంటారు, బరువు మోసే పట్టీలకు వేసేది అదే. తోక వైపు కొసలో అది అసలు లేదు. అక్కడ ఒక్క వరస కుట్టు, తొమ్మిది సూది రంధ్రాలు, నేనే లెక్కపెట్టాను. బార్‌టాక్ వేశాక ఊడి ఉంటే రంధ్రాలు గుంపుగా ఉండాలి కదా. అంటే ఇది అరిగిపోయి ఊడింది కాదు, ఫ్యాక్టరీలో ఆ కుట్టు పడకుండానే బయటికి వచ్చింది. కుక్క ఒక్క అడుగు జారి హ్యాండిల్ మీద ఒక్కసారిగా ఆగితే ఆ క్షణంలో పడే బలం దాని బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది. మీ కుట్టు మెల్లగా దించిన 24 కిలోలకే ఊడింది.

మీరు పంపిన డిస్కౌంట్ కూపన్ నాకు వద్దు. హార్నెస్ డబ్బు, డాక్టర్ బిల్లు ఇవ్వండి. అంతకంటే ముఖ్యం, లేబుల్ మీది బ్యాచ్ నంబర్ ఫొటోలో కనిపిస్తోంది, ఆ బ్యాచ్ కొన్న వాళ్లందరికీ హ్యాండిల్‌తో కుక్కను ఎత్తొద్దని ఈ వారంలోనే మెసేజ్ పంపండి. కుట్లన్నీ పరీక్షించేదాకా ఆ 40 కిలోల మాట, ఆ కొండ ఫొటో పెట్టె మీద నుంచి తీసేయండి. ఇప్పుడు ఎవరో ఒకరు అది నమ్మే తమ కుక్కను ఏదో ఒక బండ అంచున వేలాడదీస్తూ ఉండొచ్చు.

హార్నెస్ నా దగ్గరే ఉంది, ఊడిన దారాలతో సహా. పరీక్షకు కావాలంటే పంపుతాను, కానీ పరీక్ష రిపోర్టు కాపీ నాకు ఇస్తామని ముందు రాసి ఇవ్వండి.

ఇట్లు,
రాణిని పెంచుకుంటున్న మీ కస్టమర్